ఇంట్లోనే ఇంజన్ మార్చాలంటే: బోరింగా, అదే ఇంజనా, పెద్ద ఇంజనా?

పాత కారు ఇంజన్ పని అయిపోయింది అనిపించగానే మనలో చాలామంది చేసే మొదటి పని ఫోన్ తీసి హార్స్‌పవర్ నంబర్లు వెతకడం, నేనూ అదే చేశా, రెండు వారాలు రాత్రిళ్ళు కూర్చుని ఏ ఇంజన్‌కి ఎంత పవర్, ఎంత టార్క్ అని నోటికొచ్చేసేదాకా చదివా, తీరా బానెట్ ఎత్తి టేపు పెట్టి కొలిస్తే నేను మనసు పడ్డ ఇంజన్ ఆయిల్ సంప్ (ఇంజన్ కింద ఆయిల్ ఉండే తొట్టి) సరిగ్గా ముందు క్రాస్ మెంబర్ (ఛాసిస్ అడ్డ దూలం) మీదే కూర్చుంటోంది. సంప్ కోసి వెల్డింగ్ చేయించాలి, లేదంటే క్రాస్ మెంబర్ మార్చాలి. ఆ రోజు అర్థమైంది ఏంటంటే ఇందులో అసలు కంటే కొసరు ఎక్కువ, ఇంజన్ కొనడం చిన్న ఖర్చు, దాని చుట్టూ ఉండే మౌంటింగులు, వైరింగ్, రేడియేటర్, ఎగ్జాస్ట్, ప్రొపెల్లర్ షాఫ్ట్, క్లచ్, ఫ్యూయల్ లైన్, వీటిదే పెద్ద ఖర్చు, పెద్ద టైం. అందుకే కింద రాసేది పవర్ లెక్కన కాదు, ఏ దారిలో ఎంత కొసరు ఉంటుంది అన్న లెక్కన.

అసలు ఇంజన్ పోయిందా లేదా

ఇది తేల్చకుండా ఏ పోలికా పనికిరాదు. పొగ కొడుతోంది, పికప్ లేదు, ఆయిల్ తాగుతోంది అనగానే ఎవరో ఒకరు "ఇంజన్ బోరుకొచ్చింది, దించేయ్" అంటారు, అంటే సిలిండర్ గోడలు అరిగిపోయాయని. దించే ముందు ఒక కంప్రెషన్ గేజ్ తెచ్చుకోండి, సిలిండర్ లోపల ఒత్తిడిని పీఎస్‌ఐలలో చూపించే మీటర్ అది. ఇంజన్ బాగా వేడెక్కాక ఆపి, ఇగ్నిషన్ కట్ చేసి, ఇంజెక్టర్లు ఉంటే వాటి కనెక్షన్ తీసేసి, అన్ని స్పార్క్ ప్లగ్గులూ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని ఒక్కో సిలిండర్‌కి సెల్ఫ్ కొట్టి రీడింగ్ రాసుకోవాలి, బ్యాటరీ ఫుల్ చార్జ్‌లో ఉండాలి లేకపోతే చివరి సిలిండర్ అనవసరంగా తక్కువ చూపిస్తుంది.

నా కారులో మూడు సిలిండర్లు 165, 170, 160 పీఎస్‌ఐ చూపిస్తే రెండోది 95 దగ్గర ఆగిపోయింది. సిలిండర్ల మధ్య 10, 15 శాతం తేడా ఉంటే పెద్దగా పట్టించుకోరు, ఇది మాత్రం చాలా ఎక్కువ. అప్పుడు ఆ సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ కొట్టా. ఆయిల్ పోశాక రీడింగ్ బాగా పెరిగితే రింగులో బోరో అరిగినట్టు, ఎందుకంటే ఆయిల్ కాసేపు ఆ సందుని మూసేస్తుంది. పెరగకపోతే లీక్ పైన ఉన్నట్టు, అంటే వాల్వ్ గానీ హెడ్ గాస్కెట్ (సిలిండర్ల పైమూత అయిన హెడ్ కింద ఉండే సీలు) గానీ. నాది పెరగలేదు. హెడ్ దింపి చూస్తే ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు ఒకచోట కాలి చంద్రవంకలా తినేసి ఉంది. హెడ్ ఒక్కటి బాగు చేయించుకుంటే ఆ కారు ఇంకా నడుస్తుంది, గోరుతో పోయేదానికి గొడ్డలి దాకా వెళ్ళబోయా అన్నమాట. (తర్వాత ఇంజన్ మార్చా అనుకోండి, కానీ అది సరదా కోసం మార్చింది, తప్పక కాదు.)

సరే, నిజంగానే పోయింది, లేదా ఉన్న పవర్ చాలట్లేదు. ఇప్పుడు దారులు.

ఉన్న ఇంజన్‌నే బోరింగ్ చేయించడం

బోరింగ్ అంటే అరిగిన సిలిండర్ గోడల్ని (బోర్‌ని) కాస్త పెద్దగా చెక్కి, ఆ సైజు కొత్త పిస్టన్లు వేయడం. దీని పెద్ద ప్లస్ ఏంటంటే కారులో ఇంకేం మారదు. అవే మౌంటింగులు, అదే గేర్ బాక్స్, అదే వైరింగ్, ఇంజన్ నంబర్ కూడా అదే కాబట్టి కాగితాల గొడవ లేదు. మైనస్ ఏంటంటే పని సగం మన చేతుల్లో ఉండదు, బ్లాక్ బోర్ కొట్టడం, క్రాంక్ గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్ ఇవన్నీ లేత్ షాప్‌లోనే అవ్వాలి, మనం చేసేది విప్పడం, కడగడం, కొలవడం, బిగించడం.

బోర్ కొడితే పవర్ పెరుగుతుంది అనుకునేవాళ్ళకి ఒక చిన్న లెక్క. ఓవర్‌సైజ్ పిస్టన్లు మామూలుగా 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్ల మెట్లలో దొరుకుతాయి. 81 మిల్లీమీటర్ల బోర్‌ని 0.50 పెంచితే సీసీ పెరిగేది 1.2 శాతం, అంటే 1600 సీసీ కాస్తా 1620 అవుతుంది, అంతే. మనకి తేడాగా అనిపించేది కొత్త రింగుల వల్ల తిరిగొచ్చిన కంప్రెషన్, పెరిగిన సీసీ కాదు. నిజంగా సీసీ పెంచే కిట్లు కొన్ని ఇంజన్లకి ఉన్నాయి, ఎయిర్ కూల్డ్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ 1600 ఇంజన్ నిజానికి 1584 సీసీ, దానికి 87 మిల్లీమీటర్ల సిలిండర్లు వేస్తే 1641, 90.5 వేస్తే 1776 అవుతుంది, ఇందులో 87 సైజువి కేసింగ్ ముట్టుకోకుండా అలాగే దూరిపోతాయి కాబట్టి జనం ఆశపడతారు, కానీ వాటి గోడలు పల్చన, వేడికి షేప్ తప్పుతాయని పేరు పడ్డాయి. 90.5 కి కేసింగ్, హెడ్ మెషినింగ్ చేయించాలి కానీ గోడ మందంగా ఉంటుంది. తేలిగ్గా దూరేది మంచిది అని లేదు.

ఈ దారిలో వెళ్తే ఒకటి గుర్తుంచుకోండి, పిస్టన్లు ముందు కొని చేతికొచ్చాకే బ్లాక్‌తో పాటు వాటిని కూడా షాపులో ఇవ్వాలి. వాళ్ళు పిస్టన్ కొలిచి దానికి కావలసిన క్లియరెన్స్ వదిలి బోర్ కొడతారు, డబ్బా మీద రాసిన సైజు నమ్మి కాదు. రింగ్ గ్యాప్ ఇంట్లోనే చూసుకోవచ్చు, రింగ్‌ని బోర్‌లో పెట్టి పిస్టన్ తలతో సమానంగా కిందికి నెట్టి ఫీలర్ గేజ్ దూర్చడమే, మామూలు పెట్రోల్ ఇంజన్‌కి 25 మిల్లీమీటర్ల బోర్‌కి 0.1 మిల్లీమీటర్ అని ఒక మోటు లెక్క ఉంది, కానీ రింగుల డబ్బాలో కాగితం ఉంటే దాన్నే ఫాలో అవ్వండి.

ఎవరికి ఇది? కారు ఒరిజినల్‌గా ఉండాలి అనుకునేవాళ్ళకి, తొందర లేనివాళ్ళకి, ఆ ఇంజన్ పార్టులు ఇంకా దొరుకుతున్నవాళ్ళకి. బ్లాక్ పగిలినా, ఇప్పటికే ఆఖరి ఓవర్‌సైజ్‌లో ఉన్నా స్లీవ్ (బోర్ లోపల కొత్త గొట్టం) వేయించాలి, అక్కడ ఖర్చు లెక్క మారిపోతుంది.

అదే మోడల్ సెకండ్‌హ్యాండ్ ఇంజన్

అన్నిటికన్నా తొందరగా అయ్యేది ఇదే, అన్నిటికన్నా జూదం కూడా ఇదే. పాత ఇంజన్ దించి అదే రకం ఇంకోటి ఎక్కించడం అంటే కొసరు దాదాపు సున్నా, కానీ ఆ ఇంజన్ లోపల ఏముందో ఎవరికీ తెలీదు. వీలైతే ఇంకా కారులో ఉండి స్టార్ట్ అయ్యే ఇంజన్నే కొనండి, అది కూడా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూడాలి, మీరు వెళ్ళేసరికే ఇంజన్ వేడెక్కి ఉంటే ఏదో దాస్తున్నారనే నా అనుమానం. నేల మీద పడున్న ఇంజన్ అయితే క్రాంక్ బోల్ట్‌కి సాకెట్ వేసి రెండు చుట్లు చేత్తో తిప్పండి, ఆయిల్ క్యాప్ కింద తెల్లగా మీగడలాంటిది ఉందా చూడండి, ఆయిల్ వేళ్ళ మధ్య రుద్దితే మెరుపు రజను తగుల్తోందా చూడండి, కంప్రెషన్ గేజ్ జేబులో పెట్టుకుని వెళ్ళండి.

ఇంజన్ బయట ఉన్నప్పుడే రియర్ మెయిన్ ఆయిల్ సీల్, టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్, క్లచ్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మార్చేయాలి. "బానే ఉన్నాయి కదా" అని వదిలేస్తే, అరచేతంత సీల్ కోసం మళ్ళీ గేర్ బాక్స్ మొత్తం దించాల్సొస్తుంది.

అదే ఫ్యామిలీలో పెద్ద ఇంజన్

నన్నడిగితే ఇంట్లో మొదటిసారి చేసేవాళ్ళకి, పవర్ కూడా కావాలనుకునేవాళ్ళకి, ఇదే సరైన దారి. కంపెనీ అదే కారులో, లేదా దాని తర్వాతి మోడల్లో, పెద్ద ఇంజన్ అమ్మి ఉంటే కొలతల సమస్య చాలావరకు ఫ్యాక్టరీ ఇంజనీర్లే తీర్చేసినట్టు.

మాజ్డా ఎంఎక్స్-5 మొదటి తరం తీసుకోండి. 1989లో 1.6 లీటర్ల ఇంజన్‌తో వచ్చింది, 1994 మోడల్ నుంచి 1.8 వేశారు. 1.8 ఇంజన్ 1.6 కారు గేర్ బాక్స్‌కి అలాగే బిగుస్తుంది, అందుకే ఆ మార్పిడి అంత పాపులర్. కానీ చూడాల్సింది ఇంకోటుంది, ఆ 1.8 పెట్టినప్పుడు కంపెనీ ఇంజన్ ఒక్కటే మార్చలేదు. క్లచ్ ప్లేట్ 200 మిల్లీమీటర్ల నుంచి 215 చేశారు, డిఫరెన్షియల్ (వెనక చక్రాలకి పవర్ పంచే గేర్ల డబ్బా) గట్టిది వేశారు, బ్రేక్ డిస్కులు పెద్దవి చేశారు. పవర్ పెంచితే ముందు విరిగేది 1.6 కారుతో వచ్చిన చిన్న డిఫరెన్షియలే అని ఆ కారు వాళ్ళకి బాగా తెలుసు. అంటే మీ కారుకి ఏమేం మార్చాలో లిస్ట్ మీరు కొత్తగా రాయక్కర్లేదు, కంపెనీ పెద్ద ఇంజన్ మోడల్‌కి ఏమేం మార్చిందో పార్ట్ నంబర్లు పక్కపక్కన పెట్టి చూసుకుంటే అదే మీ లిస్ట్. ఏ కారుకైనా ఇది పని చేస్తుంది.

"ఒకే ఫ్యామిలీ" అన్న మాటని కూడా గుడ్డిగా నమ్మొద్దు. హోండా సివిక్‌లో డి-సిరీస్ అనే ఇంజన్ తీసి పవర్ ఎక్కువున్న బి-సిరీస్ వేయడం ఎప్పట్నుంచో ఉన్నదే, రెండూ హోండావే, కానీ మౌంటింగులు వేరు, గేర్ బాక్స్ వేరు, షాఫ్ట్‌లు వేరు, పైగా 1988 నుంచి 1991 దాకా వచ్చిన సివిక్‌లలో క్లచ్ కేబుల్‌తో పని చేస్తుంది, 1992 నుంచి హైడ్రాలిక్, ఏ ఏడాది గేర్ బాక్స్ తెచ్చారో చూసుకోకపోతే ఇంజన్ కూర్చున్నాక పెడల్‌కి ఏం తగిలించాలో తెలీక నిలబడతారు. ఇక హోండాదే ఇంకో రకం, కె-సిరీస్ దగ్గరికొస్తే ఇంజన్ తిరిగే దిక్కే బి-సిరీస్‌కి వ్యతిరేకం, కాబట్టి బి-సిరీస్ గేర్ బాక్స్ ఉంచుకుందాం అన్న ఆలోచనే వదిలేయాలి.

ఈ దారిలో ఇంజన్ ఒక్కటే కొనకండి, వీలుంటే డోనర్ కారు, అంటే ఆ ఇంజన్ ఉన్న పాత కారు, మొత్తం కొనండి. ఎక్కువ ఖర్చులా కనిపిస్తుంది కానీ వైరింగ్ హార్నెస్ (తీగల కట్ట), ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్), దాని దొంగతనం లాక్‌కి (ఇమ్మొబిలైజర్) జతైన తాళం, సెన్సార్లు, ఏసీ కంప్రెసర్ బ్రాకెట్, ఆ పిచ్చి సైజు బోల్టులు అన్నీ ఒకేచోట ఉంటాయి. విడిగా కొంటే ఆ బ్రాకెట్ ఒక్కదాని కోసం నెల తిరుగుతారు.

పూర్తిగా వేరే కంపెనీ ఇంజన్

వీడియోల్లో చూసి అందరం పడిపోయేది దీనికే. జనరల్ మోటార్స్ ఎల్‌ఎస్ వీ8 ఇంజన్ని జనం ఏ కారులో పడితే ఆ కారులో ఎందుకు దూరుస్తారంటే కారణం ఉంది, 1997 కార్వెట్‌లో వచ్చిన ఎల్‌ఎస్1 5.7 లీటర్లు, అల్యూమినియం బ్లాక్, క్యామ్ షాఫ్ట్ బ్లాక్ లోపలే ఉండి పుష్‌రాడ్లతో వాల్వులు తెరుస్తుంది కాబట్టి హెడ్లు చిన్నవి, అదే సైజు డబుల్ ఓవర్‌హెడ్ క్యామ్ (క్యాములు హెడ్ల మీద ఉండే) వీ8 కంటే వెడల్పు బాగా తక్కువ. దానికోసం మౌంటింగ్ కిట్లు, సంప్‌లు, హార్నెస్‌లు రెడీమేడ్‌గా దొరుకుతాయి. నేను ఒప్పుకునే వేరే కంపెనీ స్వాప్ (ఇంజన్ మార్పిడి) అంటే ఇలాంటిదే, అంటే మీ కారుకే, ఆ ఇంజన్‌కే, ఇంతకుముందు వందమంది చేసి కిట్ తయారై ఉండాలి. మీరే మొదటివాళ్ళైతే వెల్డింగ్ మిషన్, ఫ్యాబ్రికేషన్ అనుభవం, ఇంకో కారు, బోలెడంత ఓపిక, ఈ నాలుగూ ఉండాలి.

కొసరు లిస్ట్ ఇక్కడ చాంతాడంత అవుతుంది. సంప్ ముందు వైపా వెనక వైపా, స్టీరింగ్ షాఫ్ట్‌కి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ తగుల్తుందా, బానెట్ మూసుకుంటుందా, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోయించి బ్యాలెన్స్ చేయించాలా, గేర్ లివర్ ఫ్లోర్‌లో అదే కన్నంలోంచి వస్తుందా, స్పీడోమీటర్‌కి సిగ్నల్ ఎక్కడ్నుంచి. కార్బురేటర్ కారుకి ఇంజెక్షన్ ఇంజన్ వేస్తే ఫ్యూయల్ సిస్టం మొత్తం మార్చాలి, కార్బురేటర్‌కి 3 నుంచి 5 పీఎస్‌ఐ చాలు, మామూలు పోర్ట్ ఇంజెక్షన్‌కి దాదాపు 43, పాత పంపు, పాత రబ్బర్ పైపు, మామూలు క్లిప్పులు ఆ ప్రెషర్‌కి ఆగవు, ఆగకపోతే కారేది వేడి ఇంజన్ మీద పెట్రోల్. బీటిల్‌కి సుబారు ఇంజన్ వేసేవాళ్ళు ఉన్నారు, రెండూ ఫ్లాట్ ఫోర్ (నాలుగు సిలిండర్లు ఎదురెదురుగా పడుకున్నవి) కాబట్టి బాగానే కుదురుతుంది, కానీ బీటిల్ ఎయిర్ కూల్డ్, దానికి అసలు రేడియేటరే లేదు, కాబట్టి రేడియేటర్ ఎక్కడ పెట్టాలి, పైపులు ఎలా తీసుకెళ్ళాలి అన్నదే ఆ ప్రాజెక్ట్‌లో సగం. అదే కారులో ఎయిర్ కూల్డ్ ఇంజన్ మార్చాలంటే ప్రధానంగా నాలుగు బోల్టుల పని.

వైరింగ్ గురించి ఒక్క మాట. ఇంజన్ ఎక్కించడం కళ్ళకి కనిపించే పని కాబట్టి అదే పెద్ద పని అనుకుంటాం, నా అనుభవంలో ఇంజన్ కూర్చున్నాక వైరింగే రెండింతలు టైం తింది. ఫ్యాక్టరీ ఈసీయూ ఉంచుకుంటే దానికి కావలసిన ప్రతి సెన్సార్ ఉండాలి, లేకపోతే లింప్ మోడ్‌లోకి (పవర్ తగ్గించి నెమ్మదిగా నడిపే స్థితి) వెళ్ళి కూర్చుంటుంది, విడి ప్రోగ్రామబుల్ ఈసీయూ వేస్తే వైరింగ్ సింపుల్ కానీ ట్యూనింగ్ తెలిసినవాళ్ళు కావాలి. ఇంజన్ నంబర్ మార్పు, ఎమిషన్ రూల్స్, ఇన్సూరెన్స్ ఇవి ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి డబ్బు పెట్టకముందే కనుక్కోండి, ఇంజన్ ఎక్కించాక కాదు.

టర్బో, ఎలక్ట్రిక్ మోటార్

ఉన్న ఇంజన్‌కి టర్బో (ఎక్కువ గాలి నెట్టి పవర్ పెంచేది) తగిలిస్తే చాలదా అని అడుగుతారు. కంప్రెషన్ టెస్ట్‌లో నాలుగూ సమానంగా వస్తే ఆలోచించొచ్చు, అరిగిన ఇంజన్‌కి టర్బో అంటే ముసలి గుర్రాన్ని కొరడాతో కొట్టడమే. ఎలక్ట్రిక్ మార్పిడి నాకు ఇష్టమే కానీ ఇంట్లో మొదటి ప్రాజెక్ట్‌గా వద్దంటా, 2011 నిస్సాన్ లీఫ్ 24 కిలోవాట్ అవర్ బ్యాటరీ ప్యాకే దాదాపు 300 కిలోలు, పైగా వందల వోల్టుల డీసీ, అక్కడ తప్పు చేస్తే రెండో ఛాన్స్ ఉండదు.

మరి మీరు ఏది ఎంచుకోవాలి

ఆ కారులోనే రోజూ పనికి వెళ్తుంటే సెకండ్‌హ్యాండ్ అదే ఇంజన్, రెండో ఆలోచన వద్దు. ఇంకో బండి ఉండి, ఇది ఆర్నెల్లు షెడ్‌లో ఉన్నా పర్లేదంటే బోరింగ్ లేదా పెద్ద ఇంజన్, అందులో పవర్ మీద మోజుంటే రెండోది. వేరే కంపెనీ ఇంజన్ మాత్రం ఒకసారైనా ఇంజన్ దించి ఎక్కించి, ఆ కారు మళ్ళీ రోడ్డు మీద నడిచాకే ముట్టుకోండి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు ఊరికే కాదు. సగం విప్పి అమ్మకానికి పెట్టిన ప్రాజెక్ట్ కార్లు చూడండి, ఎక్కువ శాతం ఈ ఆఖరి రకమే అని నా లెక్క, "95 శాతం అయిపోయింది, వైరింగ్ ఒక్కటే బ్యాలెన్స్" అని రాసుంటుంది.

ఏ దారైనా సరే, పని మొదలెట్టేటప్పుడు

చోటు, సామాన్లు కూడా ఎంపికలో భాగమే. చిన్న నాలుగు సిలిండర్ల ఇంజన్ 100 కిలోల పైచిలుకు ఉంటుంది, ఐరన్ బ్లాక్ వీ8 అయితే 250 దాకా కూడా ఉండొచ్చు, ఇంజన్ క్రేన్ గానీ గట్టి దూలానికి చైన్ బ్లాక్ గానీ ఉండాల్సిందే, దూలం మీద నమ్మకం లేకపోతే క్రేన్ అద్దెకి తెచ్చుకోండి. కారు కింద పడుకునేటప్పుడు జాకీ ఒక్కదాని మీద ఎప్పుడూ వద్దు, జాక్ స్టాండ్లు పెట్టాలి, సిమెంట్ ఇటుకలు అస్సలు వద్దు, అవి ముందు చెప్పకుండా పొడైపోతాయి. బ్యాటరీ నెగెటివ్ ముందు విప్పండి. ఏసీ పైపులు విప్పకుండా కంప్రెసర్‌ని బ్రాకెట్ నుంచి తీసి తాడుతో పక్కకి కట్టేస్తే గ్యాస్ గొడవే ఉండదు. కూలెంట్ పళ్ళెంలో పట్టి వెంటనే డబ్బాలో పోసేయండి, తియ్యగా ఉంటుందని కుక్కలు, పిల్లులు తాగేస్తాయి, అది వాటికి విషం.

క్లచ్ ప్లేట్ దగ్గర నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. ప్లేట్ మీద ఒకవైపు "ఫ్లైవీల్ సైడ్" అని రాసే ఉంది, రాత్రి పదకొండింటికి చేతులకి గ్రీజుతో, అలైన్‌మెంట్ టూల్ దూరిందన్న సంబరంలో తిరగేసి పెట్టేశా. గేర్ బాక్స్ బిగించి, షాఫ్ట్ ఎక్కించి, అన్నీ అయ్యాక క్లచ్ నొక్కితే గేర్ పడదు, ప్లేట్ మధ్యలో ఉన్న స్ప్రింగుల బొడిపె ఫ్లైవీల్ బోల్టులకి ఆనుకుపోయింది. మళ్ళీ మొత్తం కిందికి. ఆటోమేటిక్ వాళ్ళకి ఇంతకంటే ఖరీదైన తప్పు ఇంకోటుంది, టార్క్ కన్వర్టర్ (ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు ఉండేది) గేర్ బాక్స్ పంపులోకి పూర్తిగా దిగకముందే ఇంజన్‌ని దగ్గరికి తెచ్చి బోల్టులతో లాగేస్తారు, పంపు పగులుతుంది. బెల్ హౌసింగ్ (గేర్ బాక్స్ ముందుండే గంటలాంటి కవర్) చేత్తో నెడితే కలిసిపోవాలి, కలవట్లేదంటే ఆపి వెనక్కి లాగి చూడాలి గానీ స్పానర్‌తో లాగకూడదు.

మొదటి స్టార్ట్‌కి ముందు ఫ్యూయల్, ఇగ్నిషన్ రెండూ కట్ చేసి ప్లగ్గులు తీసేసి ఆయిల్ ప్రెషర్ లైట్ ఆరేదాకా విడతలు విడతలుగా సెల్ఫ్ కొట్టండి, అప్పుడు ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయండి. పాత తరహా ఫ్లాట్ ట్యాపెట్ (క్యామ్ మీద రోలర్ లేకుండా నేరుగా రాసుకునే) ఇంజన్‌కి కొత్త క్యామ్ వేసుంటే స్టార్ట్ అవ్వగానే ఐడిల్‌లో వదలకూడదు, జింక్ ఎక్కువున్న ఆయిల్ పోసి 2000, 2500 ఆర్‌పీఎం మధ్య ఒక 20 నిమిషాలు నడపాలి, లేకపోతే క్యామ్ లోబ్‌లు మొదటి రోజే అరిగిపోతాయి. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని ఇంకో మనిషి ఉండాలి, వీడియో తీసే మనిషి కాదు.

డోనర్ కారు కొన్నవాళ్ళు ఇంజన్ స్టార్ట్ అయిన ఆనందంలో ఆ బాడీని మర్నాడే తుక్కుకి తోలేయకండి, కనీసం వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా ఉంచండి. నాది అమ్మేసిన మూడో రోజు థ్రాటిల్ కేబుల్ బ్రాకెట్ దానికే ఉండిపోయిందని తెలిసింది.